వర్జిల్ కుర్చీ

"లేవండి, అది మా ఆయన కుర్చీ," అంది డెల్ఫియా.

పచ్చ నవారు మడతకుర్చీలో కూర్చున్న ముసలాయన తలెత్తాడు. ఆమెనూ, పక్కనున్న ఖాళీ కుర్చీనీ చూసి ఏదో చెప్పబోయి ఆగాడు.

"ఆయన రాగానే లేస్తానమ్మా. ఇక్కడి పద్ధతి అదేగా."

పద్ధతి అదే. కెంటకీ కొండల నడుమ ఈ పచ్చికలో బ్లూగ్రాస్ పాటల పండగ జరిగే రోజు, తెల్లారకముందే వేదిక ముందు కుర్చీ వేసుకున్నవాళ్లకు ఆ చోటు సాయంత్రం దాకా సొంతం. దాన్ని ఎవరూ కదపరు. ఖాళీగా ఉంటే ఎవరైనా కూర్చోవచ్చు. కుర్చీ గలవాళ్లు వస్తే మాత్రం లేవాలి.

డెల్ఫియా పక్క కుర్చీలో కూలబడింది.

"దానిమీద మా ఆయన టోపీ పెట్టి, టిఫిన్ తిని వద్దామని వెళ్లాను. ఏం చేశారు?"

"నేను చూడలేదే."

"అయితే దానికి కాళ్లొచ్చాయి కాబోలు."

"మీ ఆయనే పెట్టుకుని తిరుగుతున్నాడేమో," అంటూ ఆయన మొక్కజొన్న రొట్టె విరిచి ఇచ్చాడు. ఆమె తీసుకోలేదు. రెండు పాటలయ్యాక తీసుకుంది.

వేదిక మీద బాంజోల వాళ్లు పోయి ఫిడేళ్ల వాళ్లు వచ్చారు. ఎండ మెడ మీదికి ఎక్కింది.

"ఇంకా రాలేదే మీ ఆయన?"

"బండ్ల దగ్గర ఎవరితోనో కూచుని బాంజో వాయిస్తుంటాడు. వర్జిల్‌కు ఎప్పుడూ అంతే. అన్నానికి పిలిచినా రెండు పాటలు అయ్యాకే లేస్తాడు."

"మా ఆవిడా అంతే. పాట మధ్యలో నేను దగ్గినా ఊరుకోదు."

డెల్ఫియా నవ్వింది. నవ్వినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

పొద్దు కొండ మీదికి వాలింది. ఆఖరి పాటకు ఫిడేలు సవరిస్తున్నారు. పెళ్లినాడు వర్జిల్ ఆమె చెయ్యి పట్టుకుని ఆడిన పాట అది. ఏటా దానికి మాత్రం బాంజో కింద పెట్టి, పరిగెత్తుకుని వచ్చేవాడు.

"ఈ ఒక్క పాటకి లేవండి," అంది మెల్లగా. "ఆయన రాడు. ఫిబ్రవరిలో పోయాడు. ఈ ఒక్క పాటకైనా ఆ కుర్చీ ఆయనకి ఉండాలి."

ముసలాయన లేచి, నవారు మీది రొట్టె పొడి దులిపి, పాటంతా చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. డెల్ఫియా ఖాళీ కుర్చీ చేతి మీద తన చెయ్యి వేసింది. కాలు దానంతట అదే తాళం వేసింది.

పాట అయిపోయింది. కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగిన డెల్ఫియా అలాగే ఉండిపోయింది. రెండు వరుసల వెనక ఇలాంటివే రెండు పచ్చ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఒకదాని మీద వర్జిల్ టోపీ ఉంది.

"మరి ఇవి ఎవరివి?"

"ఒకటి నాది. మీరు కూచున్నది మా నోవెల్లాది."

"అయ్యో, పొద్దున్నే చెప్పకూడదూ? పాపం, ఆవిడ రోజంతా ఎక్కడ కూచుందో."

"మూడేళ్లుగా అది ఖాళీగానే వేస్తున్నానమ్మా," అన్నాడాయన. "ఇవాళ మీరొచ్చి కూచుంటే లేపబుద్ధి కాలేదు."