ప్రశ్న గుర్తు తరువాత

ఆఫీసు నుంచి మా ఆయన నా రిపోర్టు లింకు పంపారు. తెరిస్తే నా పేరు, దాని కింద "ఫలితం: గడ్డ ప్రమాదకరం కాదు" అని ఉంది. ఆసుపత్రికి ఆ పేజీ తయారుచేసింది ఆయనే.

గుండె కుదుటపడి మళ్లీ మళ్లీ చూసుకుంటుంటే, వేలు తగిలి పేజీ పైనున్న వెబ్ అడ్రసు తెరుచుకుంది. అందులో ప్రశ్న గుర్తు తరువాత నా పేరూ, ఆ ఫలితమూ ఉన్నాయి. చివరి "కాదు" నా చేతుల్లోనే చెరిగిపోయింది. పేజీ మళ్లీ వచ్చేసరికి గడ్డ ప్రమాదకరమైపోయింది.

కంగారుగా నా పేరు తీసి "పిల్లి" అని రాశాను. రిపోర్టు పిల్లిదైంది.

మొన్న ఆయన ఫోనులో స్నేహితుడితో అన్న మాట అప్పుడు తలకెక్కింది. "లింకులో ఏం రాస్తే రిపోర్టు పేజీ అదే చూపిస్తోందిరా. ఇంకా సరిచేయలేదు, ఎవరికీ చెప్పకు."

ఎదురుగా అడిగే ధైర్యం నాకెప్పుడూ లేదు. ఫలితం దగ్గర "నాకు తెలిసిపోయిందండీ" అని రాసి, ఆ లింకు ఆయనకే పంపాను.

అరగంటలో వచ్చారు. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో కూలబడ్డారు. డాక్టరు ఇచ్చిన అసలు రిపోర్టు జేబులోంచి తీశారు.

"ఇవన్నీ ఎవరు నేర్పారే నీకు, పిచ్చిదానా?" అంటూ ఏడ్చారు.

ఆ కాగితం నేను అందుకోలేదు. ఆయన పక్కనే కూర్చున్నాను.

"మా అమ్మ పొద్దుటినుంచి ఒకటే ఫోన్లు. తనకి మీరు రాసిందే పంపుదామండీ."