తాజా పేజీ

"మెమరీ చాలదు సార్. డిస్కులో పెడదాం," అంది వర్షిణి.

సాకేత్‌లోని ఆ చిన్న కంపెనీ ఢిల్లీ తెలుగువాళ్ల కోసం రక్తదాతల వెబ్‌సైట్ ఒకటి నడుపుతోంది. ఒకసారి తెరిచిన పేజీకి కాపీ దాచి ఉంచితే, మళ్లీ అడిగినవాళ్లకు వెంటనే చూపించవచ్చు. ఆ కాపీలు ఎక్కడ దాచాలన్నదే తగువు.

"డిస్కుది నత్తనడక. మెమరీలోనే పెట్టు," అన్నాడు టీమ్ లీడర్ దశరథ్.

"మనది చిన్న సర్వర్ సార్. ఉన్న మెమరీ కాస్తా కాపీలకే పోతే మొత్తం కూలబడుతుంది."

"మీ వరంగల్ కాలేజీలో చెప్పారా ఈ పాఠం?"

అందరూ నవ్వారు. కాపీలు మెమరీలోకే వెళ్లాయి.

వారం తిరక్కుండా సర్వర్ కూలబడింది. కారణమేమిటని మేనేజర్ త్యాగరాజు అడిగితే దశరథ్ తడుముకోలేదు.

"వర్షిణి పని సార్. డిస్కులో పెట్టమని ఎంత మొత్తుకున్నా వినలేదు."

ఆమె నోరు తెరిచేలోగా త్యాగరాజు చెయ్యెత్తి ఆపాడు. నెలాఖరుకి వేరే ఉద్యోగం చూసుకోమన్నాడు. వర్షిణి వాష్‌రూమ్‌లో మొహం కడుక్కుని వచ్చి, కాపీలన్నీ డిస్కులోకి మార్చింది. సైట్ నిలబడింది. దశరథ్‌ని అందరూ మెచ్చుకున్నారు.

నెలాఖరు రాకముందే ఒక మధ్యాహ్నం అతను ఫోన్ చెవికి పెట్టుకునే ఆమె సీటు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. వసంత్ కుంజ్ ఆసుపత్రిలో కాన్పుకి చేరిన భార్య అరుంధతికి రక్తస్రావం ఆగడం లేదు.

"ఓ నెగెటివ్ కావాలట. బ్లడ్ బ్యాంకుల్లో ఎక్కడా దొరకట్లేదు. మన సైట్‌లో చూడమ్మా."

"ఇది డిస్కులో ఉన్న పాత కాపీ సార్. తాజా పేజీ తెప్పించనా?"

"ఏదో ఒకటి, త్వరగా." అతను అటు తిరిగి, "జీ డాక్టర్ సాబ్, ఇంతెజామ్ కర్ రహా హూఁ," అని, రక్తం ఏర్పాటు చేస్తున్నానంటూ డాక్టర్ని బతిమాలుకుంటున్నాడు.

వర్షిణి వేళ్లు చకచకా కదిలాయి.

"ఎవరూ లేరు సార్." తెర అతనివైపు తిప్పింది.

"ఒక్కళ్లు కూడానా?"

"మీరు ఆసుపత్రికి బయల్దేరండి. నేను తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేస్తా."

అతను చేతులు జోడించాడు. "నీకు చేసింది మనసులో పెట్టుకోకు తల్లీ."

"అయ్యో, ఇప్పుడు అవన్నీ ఎందుకు సార్? వెళ్లండి."

దీపాలు పెట్టేవేళకి కబురొచ్చింది. బిడ్డ దక్కింది, అరుంధతి దక్కలేదు.

శ్మశానంలో వెక్కి వెక్కి ఏడుస్తున్న వర్షిణిని చూపించి, "చివరిదాకా నాకోసం పాటుపడింది ఈ పిల్ల ఒక్కతే," అన్నాడు దశరథ్ త్యాగరాజుతో.

తాజా పేజీ తెప్పించేముందు వర్షిణి ఓ నెగెటివ్ దాతల జాబితాలోంచి తన పేరు తీసేసింది.