ఎత్తని వేలు

“చమురు పంపుకి వేలెత్తాడండీ. నాకు ఎత్తలేదు.”

సాక్షి కుర్చీలో కూచున్న ఒలీటా ఈ మాట అనగానే జ్యూరీలో ఉన్న పన్నెండుగురూ ఒక్కసారిగా ఆమె మొగుడు హోలిస్ వైపు తిరిగారు. తిరగరా మరి. పశ్చిమ టెక్సాసులో పొరుగింటికని బయల్దేరిన మగవాడికి దారిలోనే గడ్డం పెరిగిపోతుంది, అంత ఖాళీ నేల. అలాంటి చోట ఎదురొచ్చిన మనిషికి స్టీరింగు మీంచి చూపుడువేలు ఎత్తి పలకరించకుండా పోయేవాణ్ణి ఎవరూ మనిషిగా లెక్కెయ్యరు. బద్ధశత్రువు ఎదురైనా ముందు వేలెత్తి, ఆ తరువాతే తిట్టుకుంటారు.

కాస్త వివరంగా చెప్పమన్నాడు ఒలీటా తరఫు లాయరు. ఆమె చెప్పింది. రోడ్డు పక్కన పోస్టు డబ్బా దగ్గర తను నిలబడి ఉంటే, మొగుడు పికప్పు బండిలో దుమ్ము లేపుకుంటూ ముందునుంచే పోయాడు. వేలు కదల్లేదు. మరునాడు తను పక్క సీట్లో కూచుని ఉండగానే, రోడ్డువార తలూపుతూ చమురు తోడుతున్న పంపుకి మాత్రం నిండు మర్యాదతో వేలెత్తాడు.

“అంతేనా?” అన్నాడు లాయరు.

“జుట్టు మెడ దాకా కత్తిరించుకొచ్చాను. కిక్కురుమనలేదు. వారం పోయాక, కాఫీ పోస్తుంటే, జుట్టు కప్పులో పడుతుందేమో ముడేసుకోమన్నాడు. ఆ పంపునే చేసుకోమనండి. అదైతే ఈయన ఏమన్నా తలూపుతుంది.”

జ్యూరీలో ముందు వరసన కూచున్నావిడ నాలిక చప్పరించింది. ఆ చప్పుడు హోలిస్ గుండెల్లో మేకులా దిగింది.

జ్యూరీ కావాలని పట్టుబట్టింది అతనే. విడాకులు అతనికి అక్కర్లేదు, ఒలీటా కావాలి. ఊళ్లోవాళ్లు పన్నెండుగురు కూచుంటే ముప్పై ఏళ్ల కాపరాన్ని కూలదొయ్యడానికి చేతులు రావనుకున్నాడు. వాళ్లు తేల్చవలసింది ఒక్కటే: ఈ ఇద్దరూ మళ్లీ కలిసి బతికే ఆశ ఏమన్నా ఉందా? ఇప్పుడు చూస్తే, ఆ చమురు పంపుని జ్యూరీలో కూచోబెట్టినా ఆశ లేదనే చెప్పేలా ఉంది.

అతని వంతు వచ్చింది. అతని తరఫు లాయరమ్మ ట్రెవీనో మెత్తగా అడిగింది, ఆ రోజు భార్యని ఎందుకు పలకరించలేదని.

జవాబు ఉంది. చలికాలం పోయిన దగ్గర్నుంచీ దాన్ని నాలిక కింద దాచుకున్నాడు. అది బయటపడితే బండి పోతుంది, బండితో పశువుల మంద పోతుంది, మగాడన్న పేరూ పోతుంది. ఆపైన ఒలీటా ఉన్నా జాలిపడి ఉంటుంది. ఆ జాలి కూడు తిని బతకడం కన్నా ఎండలో పడి ఎండిపోవడం మేలనుకున్నాడు.

“ఏదో ధ్యాసలో ఉన్నాను,” అన్నాడు.

హాలంతా ఉస్సురుమంది. జ్యూరీ లేచి లోపలి గదిలోకి వెళ్లిపోయింది.

“నా చేతులు కట్టేశారు కదా పెద్దాయనా,” అంది ట్రెవీనో అతని చెవి దగ్గర. “ఇంక మీ నోరే మీకు దిక్కు. ఆ తలుపు తెరుచుకునే లోపు వెళ్లి ఆవిడ కాళ్లు పట్టుకోండి. కేసు ఆవిడే వదిలేసుకుంటే వీళ్ల తీర్పుతో పనే లేదు. నీలం గౌను మీద తెల్ల పువ్వు పెట్టుకొచ్చింది. మొగుణ్ణి పూర్తిగా వదిలేసుకున్న మనిషి అలా ముస్తాబై రాదు, వెళ్లండి.”

హోలిస్ గోడ పట్టుకుంటూ వరండాలోకి వచ్చాడు. ఒలీటా ఎటు పోయిందని బంట్రోతుని అడిగాడు. ఇప్పటిదాకా కిటికీ దగ్గరే నుంచుందన్నాడు వాడు.

టోపీ తీసి గుండెకి అదుముకుని అటు నడిచాడు. కిటికీ పక్కన నీలం, ఆ నీలం మీద తెలుపు.

“ఒలీటా, తిట్టు, పడతాను. కొట్టినా పడతాను. నిన్ను దాటుకుని పోయినందుకు ఆ వేలు నరికి నీ చేతిలో పెట్టమన్నా పెడతాను. ఎందుకలా చేశావని మాత్రం అడక్కు.”

టోపీ అంచు నలుపుతూ ఇంకో అడుగు ముందుకేశాడు.

“నువ్వు లేని ఇంట్లో నాకు దారి తెలీదే. కాఫీ డబ్బా ఎక్కడుంటుందో తెలీదు. పొద్దున్నే నువ్వు జోళ్లు ఈడ్చుకుంటూ వంటింట్లోకి పోతావు చూడు, ఆ చప్పుడు వింటేనే నాకు తెల్లారినట్టు. అది లేకపోతే నాకిక తెల్లారదు.”

కిటికీలోంచి వేడిగాలి కొట్టింది. గౌను అంచు కొంచెం ఊగింది. మొహం అటు తిప్పేసుకుందనుకున్నాడు. ఇన్నేళ్లలో దేవుడి ముందు తప్ప వంగని మోకాళ్లు కరకరమంటూ నేలకి ఆనాయి.

“జ్యూరీ తేల్చేసిందట, లోపలికి రమ్మంటున్నారు,” అన్నాడు బంట్రోతు. అని గుమ్మంలోనే ఆగి వింతగా చూశాడు.

హోలిస్ లేవలేదు. “వాళ్లేం తేల్చినా సరే. నువ్వొక్క మాట అను, చాలు.”

అప్పుడు వినబడింది, వరండా ఆ చివరినుంచి, అతని వీపు వెనక, జోళ్లు ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు. హోలిస్ బిగుసుకుపోయాడు. ఆ చప్పుడు దగ్గరకొచ్చి ఆగింది. భుజం మీద చెయ్యి పడింది.

“లే హోలిస్, అది కోర్టువాళ్ల టెక్సాసు జెండా, దాని మీది తెల్ల చుక్క నా పువ్వు కాదు,” అంది ఒలీటా. “బండి తాళాలు ఇలా ఇయ్యి, ఇంటికి నేను నడుపుతాను.”