నలభై ఒకటో బెల్లు

కాలింగ్ బెల్ మోగింది. భార్య తలుపు తీసింది. ఎవరూ లేరు. పొద్దుటినుంచి ఇది ఆరోసారి.

భర్త నాలుక కరుచుకున్నాడు. వస్తువులను ఇంటర్నెట్‌కు కలిపే ఎలక్ట్రానిక్ బోర్డు తయారుచేస్తానని జనం దగ్గర చందాలు తీసుకుని, ఏడాది ఆలస్యంగా నిన్ననే వాళ్లందరికీ బోర్డులు చేర్చాడు. పరీక్ష కోసం, ఎక్కడ ఏ బోర్డు ఆన్ చేసినా తన ఇంటి బెల్లు మోగేలా పెట్టుకున్నాడు. అది తీసేయడం మరిచాడు.

"ఇప్పుడే తీసేస్తా."

"ఉండండి! అంటే మోగినప్పుడల్లా ఒక బోర్డు పనిచేసినట్టేగా? మిమ్మల్ని మోసగాడన్న వాళ్లింట్లో!"

ఇద్దరూ సోఫాలో చేరి లెక్కపెట్టారు. మోగినప్పుడల్లా చప్పట్లే. ముప్ఫై తొమ్మిది... నలభై... నలభై ఒకటి!

బయటినుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"ఆఖరి తొమ్మిదీ నేను నొక్కినవే! చప్పట్లు చాలు గానీ, తలుపు తీస్తారా లేదా?"