ఒడ్డు నుంచి కొలత

మా ఆఫీసులో నా జూనియర్ వర్ష గీసిన సముద్ర పటంపై సంతకం చేయడానికి నేను నిరాకరించాను.

అమెరికాలో హెర్న్‌డన్‌లోని మా సంస్థ ఒక చిన్న ద్వీప దేశానికి సముద్ర ఆర్థికాభివృద్ధి ప్రణాళికను రూపొందిస్తోంది. అక్కడ చేపలు పట్టే విదేశీ నౌకలు చెల్లించే లైసెన్సు రుసుమే ఆ దేశానికి ప్రధాన ఆదాయం. సముద్రపు సరిహద్దును తీరం నుంచి కొలవాలన్న సంగతి, నలభై దాటాక సాయంకాలపు కళాశాలలో చదివి పట్టా పొందిన నాకు ఒకరు చెప్పనక్కరలేదు. వర్ష మాత్రం తీరాన్ని విడిచిపెట్టి, నడిసముద్రంలో చుక్కలు పెట్టి, అవే శాశ్వతమైన సరిహద్దు అని రాసింది.

భోజన విరామంలో ఆమె ఆ దేశపు అధికారిణితో ఫోన్‌లో గొంతు తగ్గించి మాట్లాడటం నేను గమనిస్తూనే ఉన్నాను. పొరుగు దేశపు చేపలను కాజేసే ఎత్తుగడగా తోచింది. మేనేజర్‌కు తెలియజేయాలని నిశ్చయించుకున్నాను. ముందు ఆమెనే అడిగాను.

“ఇలా గీయమని నీకెవరు చెప్పారమ్మా?”

“ఆ దేశపు ఆఫీసరే అడిగారు అంకుల్. కావాలంటే మీరే చెక్ చేయండి. ఇవాళ ఒడ్డు నుంచి కొలిస్తే ఎంతో, ఇదీ అంతే. పక్క దేశం వైపు ఒక్క మైలు కూడా జరపలేదు.”

“అంతే అయితే, ఒడ్డు నుంచి అని రాయడానికి నీకేం నొప్పి?”

“వాళ్ల మనవలు పెద్దయ్యేసరికి ఆ ఒడ్డు ఉండదు అంకుల్, సముద్రం పెరిగి మునిగిపోతుంది. ఒడ్డు నుంచి అని రాస్తే దాంతోపాటే హద్దూ పోతుంది. అప్పుడు వాళ్లు ఏ దేశంలో అద్దెకున్నా, ఈ చేపల ఇన్‌కమ్ వాళ్లకే రావాలంటున్నారు.”

సంతకానికి ముందు ఒకే ఒక సవరణ కోరాను.

“ఆ చుక్కలు ఇంకాస్త ముదురుగా పెట్టమ్మా.”