తొట్టిలో నాలుగు వేళ్లు

“తొట్టిలో నీళ్లు మళ్లీ తగ్గాయి!”

పాస్టరు గారి కేకకి తాళాలమ్మ చేతిలో చీపురు జారిపడింది. చర్చి తెరవడం, ఊడవడం, మూయడం ఆవిడ పని. తాళాలగుత్తి ఇంకొకరి చేతికి ఇచ్చి ఎరగదు కాబట్టి, ఆవిడ అసలు పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు.

వేదిక వెనక ఉన్నది బాప్తిస్మపు తొట్టి. ఆదివారం ముగ్గురు అందులో మునగాలి. నెత్తిన నాలుగు చుక్కలు చిలకరించి సరిపెట్టే సంఘం కాదిది. మనిషన్నవాడు మొత్తం మునిగి లేవాల్సిందే. అందుకని ముందుగానే అంచుదాకా నింపిపెట్టారు. సాయంత్రం నింపడం, తెల్లారేసరికి నాలుగు వేళ్లు తగ్గడం. వారం నుంచీ ఇదే తంతు. ఆ నీళ్లు ఎటు పోతున్నాయో ఎవరికీ అంతుపట్టడం లేదు.

ప్లంబరు తొట్టి చుట్టూ తిరిగి గోడలన్నీ తడిమాడు. “పగులు లేదండీ. అడుగున బిరడా కూడా గట్టిగానే ఉంది.”

“మరి నీళ్లకి కాళ్లొచ్చాయా?”

“కనిపెట్టే మార్గం ఒకటుంది. బజారుకెళ్లి వస్తా,” అంటూ అతను బయటికి నడిచాడు.

అతనికి ఎదురుగా దర్జీ వచ్చాడు. తాళాలమ్మ మొగుడే. ముగ్గుబుట్ట లాంటి తల, చంకలో ముగ్గురికీ కుట్టిన తెల్లంగీలు. గడప బయటే ఆగి మూట అందించాడు.

“లోపలికి రావయ్యా,” అన్నారు పాస్టరు గారు.

“ఇక్కడ గాలి బాగుందండీ.”

“ఊరందరికీ అంగీలు కుడతావు. నీదెప్పుడు? ఈ నీళ్లలో పాత మనిషి చచ్చిపోయి కొత్త మనిషి లేస్తాడయ్యా!”

“చావడం వరకూ నాకు అనుమానం లేదండీ. లేస్తానని హామీ ఎవరిస్తారు?” అని నవ్వుకుంటూ దర్జీ కొట్టుకి వెళ్లిపోయాడు.

తాళాలమ్మకి నవ్వు రాలేదు. పెళ్లయిన నాటినుంచీ ఆవిడ మోకాళ్ల మీద అడిగేది ఒక్కటే, ఈ మనిషి ఒక్కసారి ఆ నీళ్లలోకి దిగాలని. ఆయనకేమో ఇదంతా వేళాకోళం.

ప్లంబరు తిరిగొచ్చి, బట్టలకు పెట్టే నీలిమందు సీసాలు తొట్టిలో ఒంపేశాడు. “ఇక కారితే నీలంగా కారాలి. రేపు ఎక్కడ నీలం కనిపిస్తే అక్కడే రోగం. ఆదివారానికి ఎలాగూ కొత్త నీళ్లు పడతారుగా.”

మర్నాడు పొద్దున్నే పాస్టరు గారు, ప్లంబరు, తాళాలమ్మ కలిసి వెతికారు. బయట గోడలకి నీలం లేదు. పునాది పొడిగా ఉంది. చివరికి తొట్టి అంచు చుట్టూ, పొర్లిన నీళ్లు పోయే సన్నకాలువలో కనిపించింది నీలం.

“ఇది కారడం కాదండీ. ఎవరో తోడుకుపోతున్నారు. తోడేటప్పుడు ఇలా పొర్లింది,” అన్నాడు ప్లంబరు. “రాత్రిళ్లు తాళాలు ఎవరి దగ్గరుంటాయి?”

పాస్టరు గారు తాళాలమ్మ వైపు తిరిగారు. “అమ్మా, మీ వీధిలో కొళాయి రావట్లేదంటున్నారు. ఇంటికి రెండు బిందెలు పట్టుకెళ్లి ఉంటే చెప్పెయ్యి. నేనేమీ అనుకోను.”

“నేనా? ఈ నీళ్లు నేనెత్తుకుపోతానా పాస్టరు గారూ?”

“నాకు నమ్మకమేనమ్మా. సంఘపెద్దలకి ఏం చెప్పను? నిజం తేలేదాకా తాళాలు నా దగ్గర ఉండనీ.”

తాళాలమ్మ బొడ్లోంచి గుత్తి తీసింది. ఏడుపు ఆగడం లేదు. చెయ్యైతే చాచింది గానీ వేళ్లు విడివడటం లేదు.

“తాళాలు మా ఆవిడ దగ్గరే ఉండనివ్వండి!”

అందరూ తిరిగి చూశారు. దర్జీ గడప దాటి లోపలికి వస్తున్నాడు. బయట ఎండ మండిపోతోంది. ఆయన మాత్రం చెవులదాకా ఉన్నిటోపీ లాక్కున్నాడు.

“తెల్లారకముందే కొట్టుకి వెళ్లిపోయారు, ఒంట్లో బాగాలేదా?” అంది తాళాలమ్మ, కళ్లు తుడుచుకుంటూనే.

“నీళ్లు ఏమయ్యాయో నీకు తెలుసా ఏమిటయ్యా?” అన్నారు పాస్టరు గారు.

దర్జీ తల వంచుకుని టోపీ తీశాడు. నిన్నటి ముగ్గుబుట్ట మొదళ్లదాకా నీలంగా ఉంది.

“నాలుగో అంగీ కూడా కుట్టేశానండీ,” అన్నాడు మెల్లగా. “ఆవిడ నిద్రపోయాక గుత్తి తీసుకుని రోజూ వస్తూనే ఉన్నా. నీళ్లలో ఊపిరి బిగపట్టడమే ఇంకా కుదరట్లేదు.”