అద్దంలో సాము

"మీ అన్నయ్యకి ఒక్క దెబ్బ తగిలించు, చేర్చుకుంటాను. లేదంటే ఇక ఆ కిటికీ దగ్గర కనిపించకూడదు," అన్నారు కర్రసాము మాస్టారు.

చెల్లెలు చున్నీని నడుముకు బిగించి కట్టుకుంది.

అన్నయ్య కర్రను గిరగిరా తిప్పుతూ ఎదురుగా వచ్చాడు. "ఏడవకూడదు మరి. ఇప్పుడే చెబుతున్నా."

"కబుర్లు తర్వాత. ముందు కాచుకో అన్నయ్యా."

కర్రలు టకటకలాడాయి. అన్నయ్య అలవాటు కొద్దీ ఎడమవైపు కాచుకున్నాడు. దెబ్బ కుడి భుజానికి తగిలింది. శిష్యులంతా గొల్లున నవ్వారు.

"తొండి! అంతా తిరగేసి ఆడుతోంది మాస్టారూ!"

"నిజమే. నీకీ తిరగేసిన సాము ఎవరు నేర్పారమ్మా?"

"మీరే మాస్టారూ. కిటికీలోంచి మీరు కనబడరు. గోడకున్న అద్దం కనబడుతుంది. అందులో మీరెలా చేస్తే నేనూ అలాగే చేశాను."

మాస్టారు పకపకా నవ్వారు. నవ్వుతూనే అద్దం వైపు తిరిగి కర్రను కుడిచేత్తో ఎత్తారు. అద్దంలోని మనిషి ఎడమచేత్తో ఎత్తాడు. ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఎడమచేతి వాటం వాడొక్కడు ఎదురైతే వీళ్లందరి పనీ అయిపోయినట్టే. ఇన్నేళ్లూ సగం సామే నేర్పానన్నమాట."

"అయితే నన్ను చేర్చుకున్నట్టేనా?"

"చేర్చుకోవడమేమిటి? ముందుకొచ్చి నిలబడు. ఆ మిగతా సగం నువ్వు చెప్పు."

మాస్టారు వెళ్లి అన్నయ్య పక్కన వరసలో నిలబడ్డారు. కర్రను ఎడమచేతిలోకి మార్చుకోబోతే అది జారి కాలిమీద పడింది. నవ్వడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

చెల్లెలు గొంతు సవరించుకుంది.

"మోకాళ్లు వంచాలి మాస్టారూ. ఊహూఁ, ఇంకా కిందికి."